గట్టు ఎక్కడ వేయాలి? చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లలో మెమరీ రక్షణపై ఒక సమీక్ష

ఆత్రేయపురంలో పూతరేకుల దుకాణాల ముందు నిలబడితే నేతి వాసన తర్వాత మనల్ని పలకరించేది సౌండ్ బాక్సే. ఫోన్‌తో డబ్బు కొట్టగానే ఎంత అందిందో తెలుగులో గట్టిగా చెబుతుంది. చూడ్డానికి చిన్న ప్లాస్టిక్ డబ్బా. లోపల ఒక చిప్, ఒక సిమ్, ఒక బ్యాటరీ, ఒక స్పీకరు. అందులో నడిచే ప్రోగ్రాములు మాత్రం అరడజనుకు తక్కువ ఉండవు. సెల్ టవర్‌తో మాట్లాడేది ఒకటి, సర్వర్‌తో సందేశాలను గుట్టుగా ఇచ్చిపుచ్చుకునేది ఇంకొకటి, వచ్చిన సందేశాన్ని విడదీసి అంకెలు ఏరేది మరొకటి. అంకెల్ని మాటల ముక్కలుగా పేర్చి వినిపించేది, బ్యాటరీ చూసుకునేది, రాత్రిపూట కొత్త వెర్షన్ దించుకునేది వేరే. వీటన్నిటి కిందా ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉండి, ఎవరి వంతు ఎప్పుడో చూస్తుంటుంది.

ఈ ప్రోగ్రాముల్ని ఒకే చేయి రాయదు. మోడెమ్ భాగం చిప్ కంపెనీది, నెట్‌వర్క్ భాగం ఎక్కడో దొరికిన ఓపెన్ సోర్స్, ఆడియో లైబ్రరీ లైసెన్సుకు తెచ్చుకున్నది, పైనున్న నాలుగు వేల లైన్లు సొంతం. ఇలాంటి డబ్బాల్లో చాలావాటిలో ఇవన్నీ ఒకే మెమరీలో, అడ్డుగోడ లేకుండా కలిసి కాపురం చేస్తాయి. ఏ ప్రోగ్రామ్ ఏ బైటునైనా చదవొచ్చు, చెరపొచ్చు. చేపల చెరువు గట్టున ఏరేటర్లను నడిపే కంట్రోలరు, పొలంలో మోటారుకు బిగించిన మొబైల్ స్టార్టరు, ఇంటి గోడ మీది స్మార్ట్ మీటరు కూడా ఈ జాతివే.

ఇలా కలిసి ఉండే ప్రోగ్రాముల మధ్య మెమరీ రక్షణ పెట్టడం ఎలా అన్న ప్రశ్న మీద అరవై ఏళ్లుగా పని జరిగింది. దాన్ని కుదించి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గట్టు వేయడానికి కావలసిన హార్డ్‌వేర్ చాలా కాలంగా చిప్‌లోనే ఉంది, దాదాపు ఉచితం. ఖరీదంతా గట్టులో పెట్టాల్సిన తూముల దగ్గర ఉంది. ఈ పనికి దిగినవాళ్లలో ఎక్కువమంది గట్టుకు బడ్జెట్ వేసి తూముల్ని మరిచిపోయారు.

ముందు జబ్బు ఏమిటో దగ్గరగా చూద్దాం. సర్వర్ సందేశం కోసం 64 బైట్ల చోటు కేటాయించారు. కోడు రాసినాయన పొడవు సరిచూడలేదు. ఒకరోజు 80 బైట్ల సందేశం వచ్చింది. మిగిలిన 16 బైట్లు పక్కనున్న చోట పడతాయి. పక్కన ఏముందన్నది ప్రోగ్రామ్ ముక్కలను మెమరీలో పేర్చే లింకర్ దయ. చదివి వినిపించాల్సిన మొత్తం అక్కడ ఉంటే దుకాణదారుకు తప్పుడు అంకె వినబడుతుంది. ఆడియో ప్రోగ్రామ్, అంటే ఆడియో టాస్క్, తన పని వివరాలు దాచుకునే స్టాక్ ఉంటే, ఆ టాస్క్ మళ్లీ నిద్ర లేచినప్పుడు ఎక్కడికో ఎగిరిపోయి డబ్బా బిగుసుకుపోతుంది. ఆ సందేశాన్ని కావాలనే ఎవరో తయారుచేసి పంపి ఉంటే, డబ్బా ఇక వాళ్లదే.

ఇందులో అన్నిటికన్నా చిరాకు పెట్టేది, తప్పు ఒకచోట జరిగి లక్షణం ఇంకోచోట కనిపించడం. బిగుసుకుపోయింది ఆడియో టాస్క్ కాబట్టి ఆడియో రాసిన కుర్రాడి మీద పడతారు. వాడు వారం రోజులు తన కోడంతా జల్లెడ పట్టి ఏమీ దొరక్క తల పట్టుకుంటాడు. మెమరీ రక్షణ ఉంటే, తప్పు రాత రాసిన ఆ ఇన్‌స్ట్రక్షన్ దగ్గరే ప్రాసెసర్ ఆగి, ఫలానా టాస్క్ ఫలానా చిరునామాను ముట్టుకోబోయిందని చెబుతుంది. భద్రత మాట అటుంచితే, దొంగను అక్కడికక్కడే పట్టివ్వడమే దీని మొదటి లాభం. నన్నడిగితే అమ్మకానికి ఈ వాదన చాలు.

పెద్ద యంత్రాలకు ఈ సంగతి 1960లలోనే తెలుసు. 1962లో మాంచెస్టర్‌లో మొదలైన అట్లాస్ కంప్యూటర్ వర్చువల్ మెమరీని తెచ్చింది. మల్టిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వలయాలుగా అధికారాలను పేర్చింది. 1966లో డెన్నిస్, వాన్ హార్న్ ఇద్దరూ కేపబిలిటీ అనే ఊహకు రూపమిచ్చారు. చిరునామా తెలిసినంత మాత్రాన చాలదు, దాన్ని వాడే హక్కుపత్రం చేతిలో ఉండాలన్నది దాని సారం. 1975లో సాల్ట్జర్, ష్రోడర్ రాసిన వ్యాసం, పనికి అవసరమైనంత అధికారమే ఇవ్వాలన్న సూత్రాన్ని స్థిరపరిచింది. ఆ తర్వాత వచ్చినవాళ్లంతా ఏదో రకంగా ఆ వ్యాసానికి బాకీ పడ్డవాళ్లే.

అదే కాలంలో మన దగ్గర, ట్రాంబేలో రూపొందిన టీడీసీ-12 కంప్యూటర్ 1969లో వచ్చింది. దాన్ని తయారుచేసి అమ్మింది హైదరాబాద్ ఈసీఐఎల్. పన్నెండు బిట్లతో నేరుగా చెప్పగలిగే చిరునామాలు 4096. అలాంటి యంత్రం మీద మెమరీని పంచి గట్లు వేద్దామంటే నవ్వేవారు, ఉన్న చోటు ఒక ప్రోగ్రామ్‌కే చాలదు. చిన్న యంత్రాల వాళ్లకు ఆ పొదుపు బుద్ధి అలవాటై, చోటు పెరిగాక కూడా పోలేదు. డాస్‌కు రక్షణ లేదు. మెకింటాష్‌కు 2001లో ఓఎస్ టెన్ వచ్చేదాకా సరైన రక్షణ లేదు. పరిశ్రమల్లో, ఉపగ్రహాల్లో వాడే విఎక్స్‌వర్క్స్ లాంటి దాంట్లోనే, సిస్టమ్ నడిబొడ్డున పూర్తి అధికారంతో నడిచే కెర్నెల్‌కు అవతల విడిగా నడిచే ప్రాసెస్‌లు 2004 నాటి 6.0 వెర్షన్‌తో వచ్చాయి. రిచర్డ్ బారీ 2003లో విడుదల చేసిన ఫ్రీఆర్‌టాస్ ఇవాళ లెక్కలేనన్ని పరికరాల్లో ఉంది. దానికి రక్షణ గల వెర్షన్ ఉన్నా, మామూలు వెర్షన్ వాడేవాళ్లే ఎక్కువ.

రక్షణ లేకపోవడానికి చెల్లించే మూల్యం ఎంతో 2018 నుంచి వరసగా బయటపడింది. ఆ ఏడాది అక్టోబర్‌లో జింపీరియం సంస్థ పరిశోధకుడు ఫ్రీఆర్‌టాస్ నెట్‌వర్క్ భాగంలో 13 లోపాలను బయటపెట్టాడు. 2019లో ఆర్మిస్ సంస్థ వాళ్లు విఎక్స్‌వర్క్స్ నెట్‌వర్క్ భాగంలో 11 చూపించారు. అర్జెంట్ ఇలెవెన్ అని పేరు పెట్టింది వాటికే. 2020లో ట్రెక్ అనే కంపెనీ నెట్‌వర్క్ లైబ్రరీలో 19. 2021లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు రకరకాల చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ల మెమరీ కేటాయింపు కోడులోనే పాతికకు పైగా లోపాలు లెక్కపెట్టారు. వీటిలో చాలావాటి కథ ఒకటే: బయటి నుంచి వచ్చిన ప్యాకెట్‌ను విడదీసే కోడులో చిన్న పొరపాటు, ఆ కోడు మిగతా అన్నిటితో ఒకే మెమరీలో ఉండడం. గట్లు ఉన్నంత మాత్రాన ఆ పొరపాట్లు పుట్టకుండా ఉండేవి కావు. నెట్‌వర్క్ భాగంలో పుట్టినవి చాలావరకు అక్కడే ఆగేవి.

ఇక హార్డ్‌వేర్. పెద్ద కంప్యూటర్లలో ప్రతి ప్రోగ్రామ్‌కూ వేరే చిరునామాల లోకాన్నే సృష్టించే ఎంఎంయూ ఉంటుంది. అది చిప్‌లో చోటూ కరెంటూ తింటుంది, ఒక్కో అడుగుకు ఎంత సమయం పడుతుందో కచ్చితంగా చెప్పనివ్వదు. అందుకే చిన్న చిప్‌లలో దానికి బదులు ఎంపీయూ పెట్టారు. ఇది చిరునామాలను మార్చదు. ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా చదవొచ్చు, రాయొచ్చు, కోడుగా నడపొచ్చు అనే అనుమతులను మాత్రం సరిచూస్తుంది. ఆర్మ్ కార్టెక్స్-ఎం3, ఎం4 లాంటి చిప్‌లలో ఇలాంటి ప్రాంతాలు మామూలుగా ఎనిమిది.

ఎనిమిదే కదా అనుకుంటే అసలు చిక్కు ఇంకా ముందుంది. ఈ తరం ఎంపీయూలో ప్రాంతం సైజు రెండుకు ఏదో ఒక ఘాతమే కావాలి, 32 బైట్లకు తగ్గకూడదు, మొదలయ్యే చిరునామా ఆ సైజుతో నిశ్శేషంగా భాగించబడాలి. ఒక టాస్క్‌కు 36 కిలోబైట్ల డేటా ఉందనుకోండి. 36 కుదరదు, 64 తీసుకోవాలి. కొంత ఊరట ఏమిటంటే 256 బైట్లు, అంతకు మించిన ప్రాంతాన్ని ఎనిమిది సమాన ముక్కలు చేసి కొన్నిటిని మూసేయొచ్చు. 64ను ఎనిమిది చేస్తే ముక్క 8 కిలోబైట్లు. ఐదు తెరిచి మూడు మూస్తే 40. నాలుగు కిలోబైట్లు వృథా. ర్యామ్ తక్కువగా ఉన్న చిప్‌లో ఇలాంటి టాస్క్‌లు రెండు మూడు వచ్చాయంటే, ఏది ఎక్కడ పెట్టాలో చూసుకునే లింకర్ స్క్రిప్ట్ రాయడమే ఒక ఉద్యోగం అవుతుంది.

ఫ్రీఆర్‌టాస్ రక్షణ వెర్షన్ ఈ ఎనిమిదిలో కొన్ని కెర్నెల్‌కూ స్టాక్‌కూ వాడుకుని, ఒక్కో టాస్క్‌కు మూడు ప్రాంతాలు సొంతంగా నిర్ణయించుకోనిస్తుంది. సొంత డేటాకు ఒకటి, పక్క టాస్క్‌తో పంచుకునే బఫర్‌కు ఒకటి, ఒక పెరిఫెరల్‌కు ఒకటి ఇస్తే అయిపోయాయి. రెండో పెరిఫెరల్ కావాలన్న రోజు డిజైనర్ ఏం చేస్తాడు? రెండింటినీ కలిపి కప్పేసే పెద్ద ప్రాంతం ఒకటి ఇచ్చేస్తాడు. మధ్యలో ఇంకో నాలుగు పెరిఫెరల్స్ ఉన్నా సరే. గట్టు కాగితం మీద ఉంటుంది, పొలంలో ఉండదు. 2019లో చైనా, అమెరికా పరిశోధకులు కలిసి ఈ ఎంపీయూను పరిశ్రమ ఎందుకు వెలివేసిందో విచారించి ఒక వ్యాసం రాశారు. ఉద్దేశం మంచిదే, డిజైన్ చెడ్డదని శీర్షికలోనే తేల్చేశారు. మాట కటువే కానీ నిజం లేకపోలేదు.

ఆర్మ్ ఎనిమిదో తరంలో ఇది చక్కబడింది. ఇప్పుడు మొదలు, చివర చెబితే చాలు, రెండూ 32 బైట్ల గుణిజాలైతే సరి. రిస్క్-ఫైవ్ చిప్‌లలో పీఎంపీ అనేది ఇదే పని చేస్తుంది. మొదట్లో 16 దాకా, తర్వాతి ప్రమాణంలో 64 దాకా అరలు. అందులో కూడా సైజును రెండు ఘాతంగా చెప్పే పద్ధతి ఒకటి, హద్దులు చెప్పే పద్ధతి ఒకటి ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువ అధికారంలో నడిచే కోడును మొదటి పీఎంపీ సరిగ్గా కట్టడి చేయలేకపోయింది, తర్వాతి సవరణతో ఆ కొరత తీర్చారు.

ఇప్పుడు తూముల మాట. ఆత్రేయపురం మండలంలోనే లొల్ల దగ్గర సెంట్రల్ డెల్టా ప్రధాన కాలువ పాయలుగా చీలుతుంది. అక్కడికి వెళ్లినవాళ్లు గట్టు సంగతి ఎత్తరు, అందరి నోటా లాకుల మాటే. గట్టు మట్టిపని. లాకుకు తలుపులుండాలి, మరలుండాలి, తిప్పే మనిషుండాలి, ఏ పాయకు ఎంత వదలాలో లెక్క ఉండాలి. సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా అంతే. ఆడియో టాస్క్‌ను వేరుచేశాక, మొత్తం ఎంతో దానికి చెప్పేదెలా? మునుపు ఒక పాయింటర్ అందిస్తే సరిపోయేది. ఇప్పుడు ఆ పాయింటర్ చూపించే చోటు దానికి కనిపించదు. సందేశాన్ని కాపీ చేయాలి, లేదా ఇద్దరికీ కనిపించే చోటు పెట్టాలి, లేదా కెర్నెల్‌ను మధ్యవర్తిగా పిలవాలి. మూడింటికీ కోడు రాయాలి, మూడింటిలోనూ తప్పులు దొర్లుతాయి.

మధ్యవర్తికి పొంచి ఉన్న పాత ప్రమాదం ఒకటుంది. టాస్క్ వచ్చి, ఈ చిరునామాలో నాకు ఫలానా డేటా రాసిపెట్టు అని కెర్నెల్‌ను అడుగుతుంది. కెర్నెల్‌కు అంతటా రాసే అధికారం ఉంది. ఆ చిరునామా నిజంగా అడిగినవాడిదేనా అని చూడకుండా రాసిందా, టాస్క్ తన చేత్తో చేయలేని పాపాన్ని కెర్నెల్ చేత్తో చేయించుకున్నట్టే. అందుకే జెఫిర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో యూజర్ మోడ్ నుంచి వచ్చే ప్రతి కెర్నెల్ పిలుపుకూ ముందు ఒక తనిఖీ ఫంక్షన్ ఉంటుంది. ఏ థ్రెడ్‌కు ఏ కెర్నెల్ వస్తువు మీద హక్కుందో పట్టిక ఉంటుంది. ఈ తనిఖీ కోడంతా ఎవరో ఒకరు కూర్చుని రాసిందే. ఫ్రీఆర్‌టాస్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. 10.2.0 నుంచి 10.4.5 దాకా వెర్షన్లలో, అధికారం పెంచుకోవడానికి కెర్నెల్ తన కోసం రాసుకున్న ఒక లోపలి ఫంక్షన్‌ను మామూలు కోడు కూడా పిలవగలిగేది. 2021లో అది లోపంగా నమోదైంది. ఎంపీయూ తన పని తాను సక్రమంగానే చేస్తోంది, తూము తాళంచెవి మాత్రం గుమ్మం పక్కనే వేలాడుతోంది.

హద్దులు ఎక్కడ గీయాలన్న దాని మీద పరిశోధకులు మూడు దారుల్లో వెళ్లారు. ప్రోగ్రామర్‌నే గీయమనడం మొదటిది. ఆర్మ్ ఎంబెడ్‌లో వచ్చిన యువైజర్ అలాంటిదే. ప్రోగ్రామ్‌ను పెట్టెలుగా విడగొట్టి, పెట్టెకో పట్టిక రాసుకోమంది. ఊహ బాగుంది కానీ కొన్నేళ్లకే ఎంబెడ్ నుంచి దాన్ని తీసేశారు. రెండోది కంపైలర్‌కు అప్పగించడం. 2017లో ఎపాక్సీ, 2018లో మినియన్, ఏసెస్ ఈ దారిలో వచ్చాయి. వీటిలో ఏసెస్ లాంటివి కోడు మొత్తం చదివి, ఎవరు ఏ డేటా ముట్టుకుంటారో గ్రాఫ్ గీసి, ఎంపీయూలో పట్టేటన్ని ముక్కలుగా గుదిగుచ్చుతాయి. ఉన్న కోడును తిరగరాయనక్కర్లేదన్నది ఆకర్షణ. కానీ ఫంక్షన్ పాయింటర్ ఎదురైనప్పుడు కంపైలర్ ఎటు పోతుందో తేల్చుకోలేక, పోగలిగిన అన్ని చోట్లకూ అనుమతి ఇచ్చేస్తుంది. చివరికి వచ్చే హద్దులు మనిషికి అర్థమయ్యేలా ఉండవు. అర్థం కాని హద్దును ఆడిట్ చేసేదెవరు?

మూడోది మొదటినుంచీ వేరుగా కట్టడం. 2017లో 64 కిలోబైట్ల కంప్యూటర్ గురించిన పేపర్ ద్వారా పరిచయమైన టాక్ ఆపరేటింగ్ సిస్టమ్ ఈ దారిలో బాగా ముందుకు వచ్చింది. అప్లికేషన్లను విడివిడిగా కంపైల్ చేసి ఎంపీయూ వెనక ఉంచుతుంది. కెర్నెల్‌లోని డ్రైవర్లను రస్ట్ భాషలో రాయించి, భాష నియమాలతోనే ఒకదాన్నుంచి ఒకటి కాపాడుతుంది. అందులో నాకు బాగా నచ్చినది గ్రాంట్ అనే ఏర్పాటు. ఒక టాస్క్ కోసం కెర్నెల్ గుర్తుపెట్టుకోవాల్సిన వివరాలకు చోటు ఎక్కడిది? కెర్నెల్ సొంత మెమరీలో ఇస్తే, ఆశపోతు టాస్క్ ఒకటి అడిగి అడిగి కెర్నెల్‌ను ఖాళీ చేసేస్తుంది. టాక్ ఆ చోటును అడిగిన టాస్క్ వాటాలోంచే కోసుకుంటుంది, అయితే టాస్క్‌కు మాత్రం అది కనిపించకుండా దాస్తుంది. టాస్క్ చచ్చిపోతే దాని గ్రాంట్లూ దానితోనే పోతాయి. ఎవరి ఖర్చు వాళ్లదే. ఇంత జాగ్రత్తగా కట్టినదాన్ని 2025లో శాన్ డియేగో పరిశోధకులు గణితపరంగా నిరూపించబోతే, ఎంపీయూను అమర్చే కోడులో హద్దులు చెడగొట్టే తప్పులు బయటపడ్డాయి. ఇందాక మనం వేసిన రెండు ఘాతాల లెక్కల్లాంటివి చేతితో చేస్తే ఎంతటివాళ్లకైనా అంతే.

ఈ రంగంలో తక్కువగా మాట్లాడుకునేది, నా దృష్టిలో ఎక్కువగా మాట్లాడుకోవాల్సినది డీఎంఏ. ఎంపీయూ కాపలా కాసేది ప్రాసెసర్ నుంచి మెమరీకి వెళ్లే దారిని. డీఎంఏ కంట్రోలర్ వేరే దారిన పోతుంది. ఫలానా చోటు నుంచి ఫలానా చోటికి ఇన్ని బైట్లు మోసుకుపో అని చెబితే ప్రాసెసర్ ప్రమేయం లేకుండా మోసేస్తుంది. ఆ కంట్రోలర్ రిజిస్టర్లు ముట్టుకునే హక్కు ఏ టాస్క్‌కు ఇచ్చినా, మొత్తం మెమరీ ఇచ్చినట్టే. మన సౌండ్ బాక్సులో స్పీకరుకు శబ్దం పంపేది డీఎంఏతోనే. అంటే ఆడియోను ఎంత గట్టిగా వేరుచేసినా, డీఎంఏ దాని చేతిలో ఉంటే ప్రయోజనం సున్నా. ఎన్ఎక్స్‌పీ కైనెటిస్ లాంటి కొన్ని చిప్‌లలో మెమరీకి పోయే ఉమ్మడి దారి (బస్) మీద డీఎంఏతో సహా ప్రతి అడిగేవాణ్నీ విడిగా తనిఖీ చేసే ఎంపీయూ ఉంది. రిస్క్-ఫైవ్ వాళ్లు ఐఓపీఎంపీ అనే ప్రమాణాన్ని తయారుచేశారు. ఇవేవీ లేని చిప్‌లో దిక్కు ఒకటే, డీఎంఏ అమర్చే నాలుగు లైన్లనూ కెర్నెల్‌లో ఉంచి, బఫర్ హద్దులు అక్కడ సరిచూడడం. దీని ఊసెత్తకుండా రక్షణ ఉందని చెప్పే ఉత్పత్తి బ్రోచర్లను నమ్మకండి.

హార్డ్‌వేర్ అసలు లేకుండానే చేసినవాళ్లూ ఉన్నారు. 1993లో వాబే, అతని సహచరులు ప్రతి మెమరీ రాతకు ముందు రెండు మూడు ఇన్‌స్ట్రక్షన్లు చొప్పించి చిరునామాను హద్దులోకి బిగించే పద్ధతి చూపారు. 2007లో లాస్ ఏంజెలిస్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన హార్బర్, దాన్ని ఎంపీయూ లేని ఏవీఆర్ చిప్‌ల మీది సెన్సార్లకు తెచ్చింది. అదే ఏడాది యూటా విశ్వవిద్యాలయం నుంచి సేఫ్ టైనీఓఎస్ వచ్చింది, తప్పుడు పాయింటర్లను నడుస్తుండగానే పట్టుకునేలా కంపైల్ చేయడం దాని పద్ధతి. ఇప్పుడు వెబ్‌అసెంబ్లీ ఆ వంశానికి వారసురాలు. వేగం కొంత పోయినా, పాత చిప్‌ల మీద పని చేసేవాళ్లకు ఇవే ఆధారం.

వేగం మాట వచ్చింది కాబట్టి, కెర్నెల్ను వీలైనంత కుదించి మిగతా పనులను బయటి ప్రోగ్రాములకు వదిలే మైక్రోకెర్నెల్ తగువు గురించి రెండు ముక్కలు. మాక్ అనే మైక్రోకెర్నెల్‌లో ఒక చిన్న సందేశం ఒకవైపు చేరడానికి 115 మైక్రోసెకన్లు పడుతున్న రోజుల్లో, 1993లో యోహెన్ లీట్కె అదే 486 యంత్రం మీద 5 మైక్రోసెకన్లలో చేసి చూపించాడు. విడగొడితే నెమ్మదిస్తుందనే వాదన అక్కడితో సగం చచ్చింది. ఆయన వేసిన దారిలో వచ్చిన ఎస్ఈఎల్4, దాదాపు 8,700 లైన్ల సీ కోడు, 2009లో తన నిర్దేశాలకు సరిగ్గా కట్టుబడి ఉందని గణితపరంగా నిరూపణ పొందింది. మన ప్రశ్నకు దగ్గరగా ఉన్నది దాని తర్వాతి అధ్యాయం. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా 2012లో మొదలుపెట్టిన పథకంలో బోయింగ్ వారి మానవరహిత లిటిల్ బర్డ్ హెలికాప్టర్ కంప్యూటర్‌ను ఎస్ఈఎల్4 మీదికి మార్చారు. అంతా తిరగరాయలేదు. పాత సాఫ్ట్‌వేర్‌ను యథాతథంగా ఒక వర్చువల్ మెషీన్‌లో పెట్టి, అక్కడి నుంచి ముఖ్యమైన ముక్కల్ని ఒక్కొక్కటిగా బయటికి లాగారు. దాడి చేసే బృందానికి లోపలి ఒక లినక్స్ భాగంలో పూర్తి అధికారం ముందే ఇచ్చేసినా, వాళ్లు దాన్ని దాటి కీలక భాగాలకు చేరలేకపోయారు. పాత ఇంట్లో కాపురం ఉంటూనే మరమ్మతు చేసుకోవచ్చని తేలింది. ఈ సమీక్షలో నేను అన్నిటికన్నా పైన పెట్టే ఉదాహరణ ఇదే.

ఇంకో దారి హార్డ్‌వేర్‌నే మార్చడం. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం, ఎస్ఆర్ఐ పరిశోధన సంస్థ కలిసి 2010లో మొదలుపెట్టిన చెరీ ప్రాజెక్టు 1966 నాటి కేపబిలిటీ ఊహను పాయింటర్‌లోనే కుట్టేసింది. ప్రతి పాయింటర్ తన హద్దులూ అనుమతులూ వెంట మోసుకెళ్తుంది, దాన్ని ఫోర్జరీ చేయడానికి వీల్లేదు. మైక్రోసాఫ్ట్ నుంచి 2023లో వచ్చిన చెరియాట్ దీన్ని 32 బిట్ల చిన్న చిప్‌కు దించింది. అందులో ఎనిమిది ప్రాంతాల లెక్క లేదు, రెండు ఘాతాల గొడవా తగ్గుతుంది. ఒక బఫర్‌ను పక్క భాగానికి అప్పుగా ఇచ్చి, చదవడానికే తప్ప రాయడానికి వీల్లేదని పాయింటర్‌లోనే చెప్పొచ్చు. తూము ఖర్చు నిజంగా తగ్గించిన మొదటి డిజైన్ ఇదేనని నా అంచనా. అయితే ఇప్పుడు ఊళ్లో తిరుగుతున్న చిప్‌లకు ఇది ఉపయోగపడదు, కొత్త చిప్ కొనాలి. ఐఐటీ మద్రాస్‌లో వి. కామకోటి బృందం తయారుచేసిన శక్తి ప్రాసెసర్ల కుటుంబంలో ఇ-క్లాస్ అచ్చంగా ఈ చిన్న పరికరాల కోసమే, ఫ్రీఆర్‌టాస్, జెఫిర్ దాని మీద నడుస్తాయి. అక్కడివాళ్లే 2019లో శక్తి-ఎంఎస్ పేరుతో సీ పాయింటర్లకు హార్డ్‌వేర్ కాపలా పెట్టే ప్రయత్నం ప్రచురించారు.

హద్దు దాటిన తప్పును (ఫాల్ట్) పట్టుకున్నాం సరే, ఆ తర్వాత? ఈ ప్రశ్నకు చాలా ఉత్పత్తుల్లో జవాబు మొత్తం డబ్బాను రీస్టార్ట్ చేయడం. అలాగైతే గట్టుతో వచ్చిన లాభంలో సగం పోయినట్టే. ఒక్క టాస్క్‌నే చంపి మళ్లీ లేపాలంటే, అది పట్టుకున్న తాళాలు వదిలించాలి, సగం రాసిన బఫర్ పారేయాలి, దాని జవాబు కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు అది లేదని చెప్పాలి. 2003లో లినక్స్ డ్రైవర్ల కోసం చేసిన నూక్స్ ఈ పని చేసి చూపింది. వ్యవస్థను కూల్చేసే తప్పుల్ని కావాలని చొప్పిస్తే వాటిలో 99 శాతం నుంచి తేరుకుంది. మినిక్స్ 3లో చచ్చిన డ్రైవర్‌ను మళ్లీ పుట్టించే సర్వర్ ఒకటి ఉంది, పునర్జన్మ సర్వర్ అని సరదాగా పేరు పెట్టారు. సౌండ్ బాక్సులో మాత్రం లేచిన ఆడియో టాస్క్ ఆఖరి మొత్తాన్ని మళ్లీ చదవాలా వద్దా? చదివితే ఒక్క అమ్మకానికి రెండు ప్రకటనలు, చదవకపోతే దుకాణదారు డబ్బు రాలేదనుకుంటాడు. దీనికి ఎంపీయూ జవాబు చెప్పదు.

తెలుగు నేల మీద ఈ ప్రశ్న గట్టిగా ఎదురయ్యేది రైల్వేలో. రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ ప్రయాణికుల రైళ్ల మీద తొలి క్షేత్ర పరీక్షలు 2016లో దక్షిణ మధ్య రైల్వేలో జరిగాయి. 2020లో అది జాతీయ వ్యవస్థ అయింది. మొదట సరఫరాకు ఎంపికైన మూడు కంపెనీలూ, మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్, హైదరాబాద్‌వే. కవచ్ వ్యవస్థకు కావలసింది ఎస్ఐఎల్-4, అంటే భద్రతా స్థాయిల్లో అన్నిటికన్నా పైది. ఈ స్థాయిలను రైల్వే సాఫ్ట్‌వేర్‌కు వర్తింపజేసిన యూరప్ ప్రమాణం ఈఎన్ 50128 ఒక నియమం పెట్టింది. వేర్వేరు స్థాయిల సాఫ్ట్‌వేర్ భాగాలు ఒకే వ్యవస్థలో ఉంటే, ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద పడదని రుజువు చూపనంతవరకు అన్నిటినీ పైస్థాయి వాటిగానే లెక్కించాలి. బ్రేకు వేసే భాగంతో పాటు డ్రైవర్ ముందు తెర మీద బొమ్మ గీసే భాగానికీ, లాగ్ రాసే భాగానికీ అదే స్థాయి పరీక్షలు, అదే కాగితాలు. ఆ రుజువు చూపించగలిగే మార్గాల్లో మెమరీ విభజన ఒకటి. అంటే ఇక్కడ గట్టు వేస్తేనే ఖర్చు తగ్గుతుంది.

విమానాల్లో ఏఆర్‌ఐఎన్‌సీ 653, కార్లలో ఐఎస్ఓ 26262 ఇదే తర్కంతో పనిచేస్తాయి. మీటర్ల విషయంలో యూరప్ తూనికల మార్గదర్శిలో, కొలిచే సాఫ్ట్‌వేర్‌ను మిగతా దాన్నుంచి వేరుచేయడం గురించి ప్రత్యేక అధ్యాయం ఉంది. సౌండ్ బాక్సుకు అలా అడిగేవాళ్లు లేరు, కాబట్టి పెట్టేవాళ్లూ లేరు. సాంకేతికత లేక కాదు, బిల్లులో ఆ ఖర్చు కట్టమనే నియమం లేక.

నడుస్తున్న ఉత్పత్తికి రక్షణ కలపాల్సినవాళ్లు ఏ వరసలో వెళ్లాలన్నది మిగిలింది. మొదట భాగాల జోలికి పోకుండానే వచ్చే లాభం తీసుకోండి. సున్నా చిరునామా దగ్గర ఎవరూ ముట్టుకోకూడని ప్రాంతం, ప్రతి స్టాక్ అడుగున 32 బైట్ల కాపలా, కోడు ఉన్నచోట రాయకుండా, డేటా ఉన్నచోట నడపకుండా కట్టడి. ఇది కొద్ది రోజుల పని, డిజైన్ ఏమీ మారదు. ఇది ఆన్ చేయగానే ఏళ్ల తరబడి దాక్కున్న తప్పులు నాలుగైదు బయటికి దూకుతాయి. ఆ వారం మేనేజర్‌కు రక్షణ పెట్టడం వల్లే డబ్బా చెడిపోయిందని అనిపిస్తుంది, ఓర్చుకోమని ముందే చెప్పి పెట్టుకోండి.

రెండోది, బయటి సందేశాలను విడదీసే భాగం ఒక్కటే వేరుచేయడం. దాని లోపలికి పోయేవి బైట్లు, బయటికి వచ్చేవి నాలుగు అంకెలు, తూము ఇరుకు. ఇరుకు తూమున్న చోటే గట్టు నిలుస్తుంది. ఆడియో, బ్యాటరీ, లాగ్‌లను ఒకదాన్నుంచి ఒకటి వేరుచేయాలనే ఉబలాటం ఆపుకోండి, వాటి మధ్య పంచుకునేవి ఎక్కువ, లాభం తక్కువ. డీఎంఏను ఈ దశలోనే కెర్నెల్‌లోకి లాగాలి, తర్వాత చూద్దామంటే ఆ తర్వాత రాదు.

ఫాల్ట్ వచ్చినప్పుడు రీస్టార్ట్ చేసే ముందు ప్రాసెసర్ తప్పు జరిగిన చిరునామానూ, ఆ ఇన్‌స్ట్రక్షన్‌నూ, టాస్క్ పేరునూ ఫ్లాష్‌లో ఒక మూల రాసిపెట్టి, సర్వర్ దొరకగానే పంపేలా చేయండి. ఇరవై ముప్ఫై బైట్లు చాలు. ఇది లేకుండా రక్షణ కలిపితే, ఇంతకుముందు బిగుసుకుపోయే డబ్బా ఇప్పుడు రోజుకోసారి తనంతట తాను లేస్తుంది, దుకాణదారు అది సిగ్నల్ సమస్య అనుకుంటాడు, తప్పు మాత్రం తర్వాతి వెర్షన్‌లోకీ అలాగే పోతుంది.